బళ్ళారిలో దిగిన టపా విమానం – జె.ఆర్.డి. టాటా జీవితం

బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి, యాడికి

విమానం అనగానే మన మనసు బొంబాయికో, మద్రాసుకో, హైదరాబాదుకో పోతుంది. కరువుకు పేరుపడ్డ అనంతపురం సీమకూ విమానానికీ ఏమి సంబంధం అని అడిగితే చాలామంది నవ్వి ఊరుకుంటారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకంగా కురవని ఆకాశం మనది. మబ్బే మొహమాటపడుతూ వచ్చే చోటికి విమానం ఎందుకు వస్తుంది? కాని చరిత్ర వేరే విధంగా ఉంది. భారతీయుల డబ్బుతో పుట్టిన తొలి విమాన సర్వీసు 1932లో మొట్టమొదటిసారి ఎగిరినప్పుడు, బొంబాయి మద్రాసుల మధ్య అది రాత్రి బస చేసిన ఊరు బళ్ళారి. ఆ బళ్ళారి మా యాడికికి పక్షి ఎగిరిన దారిన చూస్తే సుమారు వంద కిలోమీటర్లు.

ఆనాటి బళ్ళారి మనకు పరాయి ఊరు కాదు. మన జిల్లా 1882లో బళ్ళారి జిల్లా నుంచే వేరుపడింది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, బళ్ళారి రాఘవ తెలుగు నాటకానికి ప్రాణం పోసిన ఊరు అది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మైసూరు వైపు పోయింది. ఎవరైనా ఒక అట్లాసు తీసుకుని బళ్ళారికీ మద్రాసుకూ మధ్య స్కేలు పెట్టి గీత గీసి చూడండి. ఆ గీత అనంతపురం పట్నాన్ని దాదాపు రాసుకుంటూ పోతుంది. ఇవాళ మనం చదువుకుంటున్న ఈ సీమ నెత్తి మీదుగానే ఆ తొలి గాలిదారి పడింది.

ఆ సర్వీసును మొదలుపెట్టిన జె.ఆర్.డి. టాటా పేరు తెలియని విద్యార్థి ఉండడు. ఉక్కు, లారీలు, రసాయనాలు, అన్నిటా ఆ ఇంటి పేరు వినబడుతుంది. నాకు మాత్రం ఆయన జీవితంలో అన్నిటికంటే ఆసక్తి కలిగించేది రెండు చిన్న విమానాలు, ఒక తాటాకు పాక, కొన్ని టపా సంచులతో గడిచిన కాలం. పెద్దవాళ్ళ జీవితాలను మనం చివరి పేజీ నుంచి వెనక్కి చదువుతాము. అందువల్లనే అవి మనకు అందనివిగా కనబడతాయి. మొదటి పేజీ నుంచి చదివితే అక్కడ చాలా చిన్న పని ఉంటుంది. ఆ చిన్న పని ఎట్లా నిలబడింది అన్నదే ఈ వ్యాసం.

సముద్రపు ఇసుక మీద పుట్టిన కోరిక

జహంగీర్ రతన్‌జీ దాదాభాయి టాటా 1904 జులై 29న పారిస్ నగరంలో పుట్టారు. తండ్రి రతన్‌జీ దాదాభాయి టాటా, జంషెడ్జీ టాటాకు బంధువు, వ్యాపారంలో తోడు. తల్లి సుజాన్ ఫ్రెంచి వనిత. పెళ్ళయిన తరువాత సూనీ అని పేరు మార్చుకున్నారు. ఐదుగురు పిల్లల్లో జహంగీర్ రెండవవాడు. ఇంట్లో మాట్లాడే భాష ఫ్రెంచి. చదువు కొంతకాలం ఫ్రాన్సులో, కొంతకాలం బొంబాయిలో సాగింది. ఒక బడిలో కుదురుకునేలోపే ఇంకొక దేశానికి మకాం మారేది.

ఫ్రాన్సు ఉత్తరపు తీరంలో హార్డెలో అనే చిన్న ఊరు ఉంది. వేసవిలో ఈ కుటుంబం అక్కడ ఉండేది. వారికి అక్కడ ఇరుగుపొరుగు ఎవరనుకున్నారు? 1909లో మొట్టమొదటగా విమానం మీద ఇంగ్లీషు కాలువను దాటిన లూయీ బ్లేరియో. ఆ ఊరి సముద్రపు ఇసుక మీద విమానాలు దిగేవి. పిల్లలందరూ చూసి చప్పట్లు కొట్టి ఇంటికి పోతారు. జహంగీర్ మాత్రం తాను ఒకనాటికి విమానం నడపాలని నిశ్చయించుకున్నాడు. 1919లో, పదిహేనేళ్ళ వయసులో, అక్కడే ఒక విమానం ఎక్కి కాసేపు ఆకాశంలో తిరిగి దిగాడు. ఆనాటి ఆ కోరిక తీరడానికి ఇంకా పదేళ్ళు పట్టింది.

ఆ పదేళ్ళలో సుఖం కంటే కష్టమే ఎక్కువ. 1923లో తల్లి క్షయతో చనిపోయారు. ఫ్రెంచి పౌరుడు కాబట్టి ఒక సంవత్సరం ఫ్రెంచి సైన్యంలో పని చేయవలసి వచ్చింది. ఆ తరువాత కేంబ్రిడ్జిలో ఇంజనీరింగు చదవాలని ఆశపడ్డారు. తండ్రి ఒప్పుకోలేదు. 1925 చివరలో బొంబాయికి పిలిపించి జీతం లేని అప్రెంటిసుగా ఆఫీసులో కూర్చోబెట్టారు. 1926లో తండ్రి కూడా పోయారు. ఇరవై రెండేళ్ళకే ఇంటి బరువు, కంపెనీలో తండ్రి స్థానం రెండూ నెత్తిన పడ్డాయి.

ఇక్కడ మనం గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. ఇంత పెద్ద పారిశ్రామికవేత్తకు డిగ్రీ లేదు. చేజారిన చదువును తలచుకుని ఆయన జీవితమంతా నొచ్చుకున్నారు. ఆ లోటును పుస్తకాలతో పూడ్చుకున్నారు. రోజంతా ఆఫీసు పని చేసి రాత్రి పొద్దుపోయేదాకా చదివేవారు. హాజరు వేసుకుని వెళ్ళిపోయే అలవాటు ఉన్న మన తరగతి గదులకు ఈ సంగతి కొంచెం గుచ్చుకుంటే మంచిదే.

మొదటి నెంబరు లైసెన్సు

1929లో బొంబాయిలో ఫ్లయింగ్ క్లబ్బు తెరిచారు. చేరడానికి ఎగబడినవారిలో జె.ఆర్.డి. ఒకరు. నాలుగు గంటలు కూడా నిండని శిక్షణతోనే ఒంటరిగా విమానం నడిపారు. 1929 ఫిబ్రవరి 10న ఆయన చేతికి పైలట్ లైసెన్సు వచ్చింది. దాని మీద ఉన్న నెంబరు 1. మన దేశంలో ఇచ్చిన మొట్టమొదటి లైసెన్సు అదే. ఆ సంవత్సరమే ఆయన ఫ్రెంచి పౌరసత్వాన్ని వదులుకున్నారు.

మరుసటి ఏడు ఒక పోటీ వచ్చింది. ఇంగ్లండుకూ ఇండియాకూ మధ్య ఒంటరిగా విమానం నడిపిన మొదటి భారతీయుడికి ఆగాఖాన్ 500 పౌండ్ల బహుమతి ప్రకటించారు. పోటీకి ముగ్గురు దిగారు. మన్‌మోహన్ సింగు, ఆస్పీ ఇంజనీరు ఇంగ్లండు నుంచి ఇటు బయలుదేరారు. జె.ఆర్.డి. 1930 మే నెలలో కరాచీ నుంచి అటు బయలుదేరారు. ఈజిప్టులో అబూకిర్ అనే చోట దిగినప్పుడు ఆయనకు ఆస్పీ ఎదురుపడ్డాడు. ఆ కుర్రవాడికి అప్పుడు పదిహేడేళ్ళు. ఇంజనులో స్పార్కు ప్లగ్గు చెడిపోయి, మార్చడానికి ఇంకొకటి లేక దిక్కుతోచకుండా ఉన్నాడు. జె.ఆర్.డి. తన దగ్గరున్న అదనపు ప్లగ్గు తీసి ఇచ్చారు. ఇద్దరూ చెరొక దిక్కుకూ ఎగిరిపోయారు. కొద్ది గంటల తేడాతో ఆస్పీ గెలిచాడు.

ట్రాక్టరు నడిపిన ప్రతి రైతుబిడ్డకూ తెలుసు, చిన్న సామాను లేక పెద్ద యంత్రం నిలిచిపోతే ఆ బాధ ఎట్లా ఉంటుందో. పదునులో విత్తనం పడవలసిన రోజున పక్క చేనివాడు పోటీ చూసుకుని సామాను దాచుకుంటే ఊరు నిలబడదు. జె.ఆర్.డి. ఇచ్చిన ప్లగ్గు వెల చాలా తక్కువ. దానితో ఆయనకు రావలసిన బహుమతి పోయింది. దేశానికి మాత్రం ఒక మంచి పైలట్ మిగిలాడు. ఆ ఆస్పీ ఇంజనీరే 1960లో భారత వైమానిక దళానికి అధిపతి అయ్యారు.

రెండు లక్షలు, రెండు విమానాలు

ఈ కథలో రెండో మనిషి నెవిల్ విన్సెంటు. బ్రిటిషు వైమానిక దళంలో పని చేసి బయటికి వచ్చినవాడు. ఇండియాకు విమానాలు తెచ్చి ఊరూరా తిరుగుతూ, డబ్బు తీసుకుని జనాన్ని ఆకాశంలో తిప్పి దింపేవాడు. ఆ తిరుగుళ్ళలో ఈ దేశంలో ఎక్కడ మైదానం గట్టిగా ఉంటుందో, ఎక్కడ గాలి ఎట్లా మారుతుందో ఆయనకు బాగా తెలిసింది. తెలివి ఉంది గాని పెట్టుబడి లేదు.

అప్పట్లో లండను నుంచి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానం కరాచీ వరకు టపా తెచ్చేది. అక్కడి నుంచి బొంబాయికి, మద్రాసుకు ఆ ఉత్తరాలు రైలెక్కి నిదానంగా వచ్చేవి. సముద్రాలు దాటి ఎగిరి వచ్చిన ఉత్తరం ఆఖరి మజిలీలో ఆలస్యమయ్యేది. కరాచీ నుంచి మద్రాసు దాకా ఆ టపాను మనమే విమానంలో ఎందుకు మోయకూడదు? ఇదే విన్సెంటు ఆలోచన. దానిని జె.ఆర్.డి. వెంటనే పట్టుకున్నారు. కంపెనీ పెద్ద అయిన దొరాబ్జీ టాటాకు మొదట ఇష్టం లేదు. పీటర్సన్ అనే అధికారి నచ్చజెప్పిన మీదట రెండు లక్షల రూపాయల పెట్టుబడికి ఒప్పుకున్నారు.

డబ్బు దొరికింది గాని ప్రభుత్వం అనుమతి దొరకలేదు. ఒక ఆఫీసు నుంచి ఇంకొక ఆఫీసుకు కాగితాలు తిరుగుతూనే ఉన్నాయి. సహాయంగా ఒక్క రూపాయి కూడా ఇవ్వలేమని సర్కారు చెప్పింది. ఇతర దేశాల్లో విమాన సంస్థలను ప్రభుత్వాలే డబ్బిచ్చి నిలబెడుతున్న కాలం అది. చివరకు సహాయం అక్కరలేదు, మోసిన టపాకు కూలి ఇస్తే చాలునని వీళ్ళే ఒప్పుకున్నారు. 1932 ఏప్రిల్‌లో పదేళ్ళ ఒప్పందం కుదిరింది. మొదటి విమానం లేవకముందే, ఆ జూన్‌లో, దొరాబ్జీ చనిపోయారు.

ఇక సంస్థ ఆస్తి చూద్దాం. పస్ మాత్ అనే రకం విమానాలు రెండు. ఒక్కొక్కదానికి ఒకే ఇంజను, దాని బలం 120, 130 అశ్వశక్తి. మా వైపు పొలాల్లో తిరిగే 50 అశ్వశక్తి ట్రాక్టర్లు రెండున్నర కలిపితే ఎంతో అంత. వేగం గంటకు 160, 170 కిలోమీటర్లు. పైలట్లు ముగ్గురు: జె.ఆర్.డి., విన్సెంటు, హోమీ భరూచా. మెకానిక్కులు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. బొంబాయిలో జుహూ అనే చోట సముద్రం ఒడ్డున ఎండిన బురద నేల విమానాశ్రయం. తాటాకులు కప్పిన పాక ఆఫీసు. వానాకాలంలో ఆ నేల సముద్రపు నీటిలో మునిగిపోయేది. అప్పుడు సామాను సర్దుకుని అందరూ పూనాకు మకాం మార్చేవారు. కరువుకు పశువులను తోలుకుని వలస పోయినట్టే, కాకపోతే వీళ్ళది నీళ్ళు ఎక్కువైన వలస.

1932 అక్టోబరు 15

ఆ రోజు ఉదయం ఆరున్నర దాటిన కొద్దిసేపటికి కరాచీలోని డ్రిగ్ రోడ్డు మైదానం నుంచి జె.ఆర్.డి. టపా సంచులతో ఒంటరిగా లేచారు. విమానంలో రేడియో లేదు. దారి చూపించే సాధనాలు ఏవీ లేవు. ఒళ్ళో పటం, లెక్క కట్టడానికి స్లైడ్ రూలు, కింద కనబడే నేల, ఇవే ఆధారం. భౌతికశాస్త్రంలో వేగాల సంకలనం అని మనం నల్లబల్ల మీద బాణం గుర్తులు వేస్తాము గదా, గాలి విమానాన్ని ఎంత పక్కకు తోస్తున్నదో ఆయన తలలో వేసుకున్న లెక్క అదే. అక్కడ తప్పు చేస్తే మార్కులు కాదు పోయేది.

దారిలో అహమ్మదాబాదులో పెట్రోలు పోసుకోవడానికి దిగారు. అంత ఆధునికమైన యంత్రానికి కావలసిన పెట్రోలు డబ్బాలు అక్కడికి ఎద్దుల బండి మీద వచ్చాయి. ఈ సంగతి చదివినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది. మన దేశపు తొలి విమాన సర్వీసు బయలుదేరిన రోజే ఎద్దుల సాయం తీసుకుంది. మధ్యాహ్నం రెండు గంటలలోపు జె.ఆర్.డి. జుహూలో దిగారు.

అక్కడ సిద్ధంగా ఉన్న రెండో విమానంలోకి దక్షిణాదికి పోయే సంచులు మార్చారు. దానిని విన్సెంటు నడిపారు. బొంబాయి నుంచి బళ్ళారి సూటిగా 600 కిలోమీటర్ల పైచిలుకు. అక్కడి నుంచి మద్రాసు ఇంకా 400 కిలోమీటర్ల పైమాటే. అంత దూరం ఆ చిన్న విమానం ఒక్క ఊపున పోలేదు, చీకట్లో దారీ కనబడదు. కాబట్టి ఆ రాత్రికి బళ్ళారిలో ఆగి, తెల్లవారిన తరువాత బయలుదేరి, మద్రాసు చేరారు. మన గుత్తి, రాయలచెరువు, తాడిపత్రి మీదుగా బొంబాయి మద్రాసు రైలు 1871 నుంచి టపా మోస్తూనే ఉంది. ఇప్పుడు అదే టపా మన సీమ మీదుగా గాలిలో పోయింది.

లెక్క, వేళ

ఇంతవరకు సాహసం. సాహసం ఒకరోజు పని. వారం వారం అదే దారిలో, అదే వేళకు పోవడం వేరే పని. టాటా విమానాల గొప్పతనం నాకు ఇక్కడే కనబడింది.

మొదటి సంవత్సరంలో ఆ విమానాలు 1,60,000 మైళ్ళు, అంటే సుమారు 2,57,000 కిలోమీటర్లు తిరిగాయి. ఎక్కిన ప్రయాణికులు 155 మంది. సగటున వారానికి ముగ్గురు. టపా సంచులు పెట్టగా మిగిలిన జాగాలోనే మనిషి కూర్చోవాలి, ఒక్కొక్కసారి ఆ సంచుల మీదనే కూర్చోవాలి. మోసిన టపా మొత్తం సుమారు పది టన్నులు. మా ఊళ్ళో శనక్కాయలు ఎత్తుకుపోయే ఒక్క లారీ లోడు ఎంతో, సంవత్సరమంతా వాళ్ళు మోసింది అంత. అయినా ఖర్చులన్నీ పోగా 60,000 రూపాయలు మిగిలాయి.

ఒక లారీ సరుకు మోసి లాభం ఎట్లా వచ్చింది? ఉత్తరం బరువు తక్కువ, వెల ఎక్కువ. దాని వెల అంతా వేళలో ఉంది. ఓడ ఎప్పుడు వస్తుంది, సరుకు ధర ఎంత, డబ్బు చెల్లించాలా వద్దా, ఇటువంటి సంగతులు మోసే ఉత్తరం రెండు రోజులు ముందు అందితే వ్యాపారికి వేల రూపాయల తేడా. అందుకని టపా ఒక్క వారం తప్పినా నమ్మకం పోతుంది. ఆ నమ్మకం పోగూడదని గాలివానలోనూ సర్వీసు ఆపలేదు. వానాకాలంలో కూడా నూటికి నూరుపాళ్ళు వేళ తప్పని సర్వీసు ఇదేనని ప్రభుత్వపు పౌర విమాన శాఖ తన నివేదికలో మెచ్చుకుంది. పైసా సహాయం ఇవ్వనన్న సర్కారే ఆ మాట రాసింది.

ఈ లెక్కా వేళా మనకు కొత్తవేమీ కావు. మా నాయన గోడ క్యాలెండరు మీద ప్రతి వాననూ గుర్తు పెడతాడు. ఏ రోజు పదును అయింది, ఏ రోజు గొర్రు కట్టినాము, ఎన్ని రోజులకు మళ్ళీ చినుకు పడింది, అన్నీ అందులో ఉంటాయి. పదునుకు రెండు రోజులు ఆలస్యమైతే పంట ఎంత తగ్గుతుందో ఆయనకు ఏ పుస్తకమూ చెప్పనక్కరలేదు. జె.ఆర్.డి. స్లైడ్ రూలుతో చేసిన పని, మా నాయన క్యాలెండరుతో చేసే పని జాతి ఒకటే అని నాకు అనిపిస్తుంది. తేడా ఎక్కడంటే, ఆయన లెక్క తప్పకపోతే లాభం వచ్చింది. మా నాయన లెక్క తప్పకపోయినా వాన తప్పుతుంది.

బళ్ళారి తప్పిపోయింది

తరువాత కొన్నేళ్ళకు టాటా దారిలో బళ్ళారి బదులు హైదరాబాదు వచ్చి చేరింది. నిజాం రాజధానికి ప్రయాణికులు ఉన్నారు, డబ్బు ఉంది. 1935లో బొంబాయి నుంచి తిరువనంతపురానికి, 1937లో ఢిల్లీకి దారులు పడ్డాయి. సంస్థ లాభం 1937 నాటికి ఆరు లక్షలకు పెరిగింది. 1938లో, ముప్పై నాలుగేళ్ళ వయసులో, జె.ఆర్.డి. టాటా సంస్థలన్నిటికీ అధ్యక్షుడయ్యారు.

విమానానికి ఓపిక తక్కువగా ఉన్నప్పుడు బళ్ళారి అవసరమైంది. ఓపిక, సంపాదన పెరిగిన తరువాత మన మెట్టసీమ నెత్తి మీదుగా పోయినా దిగనక్కరలేకపోయింది. ఇందుకు ఎవరినీ నిందించలేము. సంస్థ తన లెక్క తాను చూసుకుంది. కాని చిన్న ఊళ్ళ చరిత్ర చాలావరకు ఇట్లాగే ఉంటుంది. మన రోడ్డు మీద ఆగే బస్సుకు ఎక్స్‌ప్రెస్ అని బోర్డు పడగానే అది ఆగడం మానేస్తుంది.

రెండవ ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు టాటా విమానాలను ప్రభుత్వం తన పనులకు వాడుకుంది. అవి సైన్యానికి మనుషులను, సామగ్రిని మోశాయి. బర్మా నుంచి కాందిశీకులను తీసుకువచ్చాయి. విమానంలో చోటు దొరకని వేలాది జనం, వారిలో మన తెలుగు కూలీలు ఎందరో, అడవుల గుండా కాలినడకన వచ్చారన్నది కూడా మనం మరువగూడదు. 1942లో విన్సెంటు ఇంగ్లండు నుంచి తిరిగి వస్తూ ఎక్కిన సైనిక విమానం గమ్యం చేరలేదు. దేశంలోనే విమానాలు తయారు చేయాలన్న ఆయన పథకం ఆయనతోనే పోయింది. బళ్ళారిలో మొదటి టపా దింపిన మనిషి పేరు ఈనాడు బళ్ళారిలోనే ఎంతమందికి తెలుసు?

ఒక చెరువు కింద నూరు బోర్లు

1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి బేగంపేట కేంద్రంగా డెక్కన్ ఎయిర్‌వేస్ స్థాపించారు. మన తెలుగు నేల సొంత విమాన సంస్థ అది. 1946లో టాటా ఎయిర్‌లైన్స్ ఎయిర్ ఇండియా అయింది. 1948 జూన్ 8న బొంబాయి నుంచి కైరో, జెనీవాల మీదుగా లండనుకు మన దేశపు విమానం మొదటిసారి బయలుదేరింది. కరాచీకి వచ్చిన పరాయి టపా మోసిన సంస్థ పదహారేళ్ళలో తన విమానాన్నే లండనులో దింపింది.

కాని దేశంలో పరిస్థితి బాగాలేదు. యుద్ధం ముగిసిన తరువాత అమెరికన్లు వదిలిపోయిన డకోటా విమానాలు చౌకగా దొరికాయి. కొన్నవారందరికీ ప్రభుత్వం లైసెన్సులు ఇచ్చింది. ఇన్ని సంస్థలు బతకడానికి చాలినంత ప్రయాణికులు, సరుకు లేరని జె.ఆర్.డి. హెచ్చరించారు. ఎవరూ వినలేదు. ఒకే చెరువు కింద నూరు బోర్లు వేస్తే ఏమవుతుందో అనంతపురం వాళ్ళకు చెప్పాలా? మొదటి ఏడు అందరికీ నీళ్ళు, మూడో ఏడు అందరికీ దుమ్ము. కొన్ని సంస్థలు మూతపడ్డాయి, మిగిలినవి నష్టాల్లో పడ్డాయి.

1953 ఆగస్టులో ప్రభుత్వం విమాన సంస్థలన్నిటినీ తన చేతిలోకి తీసుకుంది. డెక్కన్ ఎయిర్‌వేస్, బిజూ పట్నాయక్ నడిపిన కళింగ ఎయిర్‌లైన్స్ మొదలైన ఎనిమిది కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ అయ్యాయి. విదేశాలకు పోయే సర్వీసు ఎయిర్ ఇండియాగా వేరే ఉండిపోయింది. తాను పెంచిన సంస్థను తనను సరిగా సంప్రదించకుండానే తీసుకున్నారని జె.ఆర్.డి. చాలా బాధపడ్డారు. అయినా ఎయిర్ ఇండియా అధ్యక్ష పదవి ఇస్తామంటే కాదనలేదు. జీతం లేకుండా ఇరవై ఐదేళ్ళు ఆ పని చేశారు. తాను ఎక్కిన ప్రతి విమానంలో టీ రంగు నుంచి తెరల మురికి దాకా చూసి కాగితం మీద రాసి పంపేవారు. పొలం అన్నదమ్ముల పాలికి పోయినా గట్టు మీద నడుస్తూ కలుపు పీకే పెద్దమనిషి ప్రతి ఊళ్ళోనూ ఒకడుంటాడు.

1978 ఫిబ్రవరిలో అప్పటి ప్రభుత్వం ఆయనకు ముందుగా ఒక మాటైనా చెప్పకుండా ఆ పదవి నుంచి తీసివేసింది. 1980లో వచ్చిన ప్రభుత్వం మళ్ళీ బోర్డులో సభ్యునిగా పిలిచింది. అధ్యక్ష పదవి రాలేదు, ఆయన సభ్యునిగానే కూర్చున్నారు.

1982 అక్టోబరు 15 నాటికి తొలి ప్రయాణం జరిగి యాభై ఏళ్ళు. ఆనాడు డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో ఆయన ఒక పాత లెపర్డ్ మాత్ విమానంలో కరాచీ నుంచి బొంబాయికి ఒంటరిగా ఎగిరి వచ్చారు. గుండె జబ్బు ఉన్నా ఆగలేదు. పడుచువాళ్ళకు ధైర్యం తగ్గిపోతున్నదన్న బాధతో ఈ పనికి పూనుకున్నారని చెబుతారు.

సైన్సు విద్యార్థులమైన మనకు ఆయన రుణం ఇంకొకటి ఉంది. హోమీ భాభా అడగగానే టాటా ట్రస్టు తరఫున 1945లో బొంబాయిలో మౌలిక పరిశోధనా సంస్థను నిలబెట్టారు. ఈ దేశపు అణు పరిశోధనకు ఊయల అదే. 1992లో ఆయనకు భారతరత్న ఇచ్చారు. 1993 నవంబరు 29న జెనీవాలో కన్నుమూశారు. పుట్టిన పారిస్ నగరంలోనే ఆయన సమాధి ఉంది. 2022 జనవరి 27న ఎయిర్ ఇండియా తిరిగి టాటాల చేతికి వచ్చింది. ఆ దినం చూడడానికి ఆయన లేరు.

మనకేమిటి?

హాస్టలులో ఈ వ్యాసం చిత్తుప్రతి చదివిన మిత్రులు కొందరు ఒక ఆక్షేపణ తీశారు. ఆయన కలవారి బిడ్డ, రెండు లక్షలు ఇచ్చేందుకు ఇంట్లో మనిషి ఉన్నాడు, మనకు రెండు వేలు కావాలన్నా షావుకారు పత్రం రాయించుకుంటాడు, ఆ కథ మనకెందుకు అన్నారు. ఈ ఆక్షేపణ న్యాయమైనదే. రెండు లక్షలు లేకపోతే విన్సెంటు తెలివి విన్సెంటు దగ్గరే ఉండిపోయేది. దేశంలో అటువంటి విన్సెంట్లు పెట్టుబడి దొరకక ఎంతమంది మట్టిలో కలిసిపోయారో ఎవరు లెక్క రాశారు? జె.ఆర్.డి. జీవితం చదివి ధైర్యం ఉంటే చాలునని ఎవరైనా చెబితే నేను ఒప్పుకోను.

కాని పెట్టుబడి ఉన్న సంస్థలు అదే కాలంలో ఎన్నో పుట్టి మునిగిపోయాయి. ఇది నిలబడింది. ఎందుకు నిలబడిందంటే, చిన్నగా మొదలై, తన బరువెంతో తెలుసుకుని, ఇస్తానన్న వేళకు ఇచ్చింది. ఈ గుణం కొనడానికి రెండు లక్షలు అక్కరలేదు.

మన జిల్లాకు దీని అవసరం చాలా ఉంది. మన చీనీకాయ, టమాటా, దానిమ్మ కూడా ఆనాటి ఉత్తరం వంటివే, వాటి వెల వేళలో ఉంది. కోసిన రెండో రోజు బంగారం, ఐదో రోజు పెంట. 2020 సెప్టెంబరులో అనంతపురం నుంచి ఢిల్లీకి పండ్లతో కిసాన్ రైలు బయలుదేరినప్పుడు మా వైపు రైతులు ఎంత ఆశపడ్డారో చెప్పలేను. అటువంటి దారులు ఒకరోజు జెండా ఊపి తెరవడం సులభం. వారం వారం, వానకూ ఎండకూ, లాభం పలచగా ఉన్న రోజుల్లో కూడా నడపడం కష్టం. అది చేయగలిగిన వాళ్ళు మనలో నుంచే రావాలి. బయటివాళ్ళు వచ్చి నడిపితే, వాళ్ళ విమానానికి ఓపిక రాగానే మళ్ళీ మన ఊళ్ళో దిగడం మానేస్తారు.

మిత్రులారా, ఈ ఏడు పరీక్షలు ముగించుకుని మనం తలొక దిక్కు పోతాము. కొందరికి ఉద్యోగం దొరుకుతుంది, కొందరు చేనికి తిరిగి పోతారు. ఎక్కడికి పోయినా ఒక చిన్న పనిని పట్టుకుని, దాని లెక్క రాసి, దాని వేళ తప్పకుండా చూద్దాం. పక్కవాడి యంత్రం నిలిచిపోతే మన దగ్గరున్న ప్లగ్గు తీసి ఇద్దాం.